నూటికి నూరు మార్కుల దొంగ టీచరు

"నేరస్థుడు భూమ్మీద యాడన్నా దాక్కోవచ్చు గానీ, నా ఎక్సెల్ షీటులో మాత్రం దాక్కోలేడు!" అని ప్రకటించాడు తిప్పేష్, కళ్యాణదుర్గం బస్టాండు ఎదుట టీ గ్లాసు పైకెత్తి.

విన్నది ఆటో గిరి ఒక్కడే. ఆటో ఇంకా నిండలేదు, పాపం, పారిపోవడానికి వీల్లేదు.

తిప్పేష్ చేసేది మండల ఆఫీసులో కంప్యూటరు పని. కొత్త టీచర్ల పాఠాలు చూసొచ్చినవాళ్లు వేసిన మార్కులు ఎక్కిస్తాడు. తక్కువొచ్చినవాళ్ల బడికి సీనియర్ టీచరు అంజనమ్మ వెళ్లి, పక్కనే నిలబడి పని నేర్పుతుంది. ఎక్కువొచ్చినవాళ్ల జోలికి పోదు. సంగతి ఇంతే. కానీ ఇంతే అంటే తిప్పేష్‌కు ఒళ్లు మంట. కోడిగుడ్డుకు ఈకలు పీకే రకం. మొన్న ఆఫీసులో స్టాప్లరు పోతే అందరి వేలిముద్రలూ తీసి, చివరికి తన జేబులోనే పట్టుకున్న ఘనుడు!

"ఈ చంద్రిక అనే కొత్త టీచరమ్మను చూడు గిరీ. ఎవరు పోయి చూసినా నూటికి నూరు. యాడన్నా ఉండాదా?"

"బాగా చెప్తాందేమో అన్నా."

"పిచ్చోడా! ఈ శనివారం రాజీనామా ఇచ్చి సొంతూరు ధర్మవరం పోతానని ఆఫీసుకు ఫోన్ చేసింది. నూరు మార్కుల మనిషి ఏమిటికి పారిపోతాది? అసలు చంద్రికను యాడో కట్టేసినారు. ఈడ పాఠం చెప్తాండేది దొంగ చంద్రిక. ఇది అంతర్రాష్ట్ర ముఠా పని!"

"ఎక్కాలు చెప్పేకి ముఠా ఏమిటికప్పా?"

"అదే మిస్టరీ!"

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, మర్నాడే తిప్పేష్ గొర్రెల కాపరి వేషంలో చంద్రిక బడి ఉన్న ఊరు చేరాడు. భుజాన కంబళి, చేతిలో కట్టె. ఎండకు లోపల ఉడికిపోతున్నా వేషం అద్భుతమని అతని నమ్మకం. గొర్రె ఒక్కటీ లేదు. మెడలో ఆఫీసు కార్డు మాత్రం భేషుగ్గా వేలాడుతోంది.

బడి ముందు ఎసరు పెడుతున్న వంటామె ఓబమ్మ ఆ కార్డు చూసి గట్టిగా దగ్గింది. అంతే! లోపలి గోల చప్పున ఆగిపోయింది. పిల్లలందరూ చేతులు కట్టుకున్నారు. చంద్రిక ఏం చెప్పినా "అర్థమైంది టీచర్!" అని ఒకే గొంతుతో అరిచారు.

కిటికీలోంచి చూసి తిప్పేష్ వణికిపోయాడు. "అమ్మో, పిల్లోళ్లకూ ట్రైనింగే!"

ముఠాను రెడ్ హ్యాండెడ్‌గా పట్టాలని పక్కనున్న బియ్యం గదిలో దూరాడు. వచ్చినాయన వెళ్లిపోయాడనుకున్న ఓబమ్మ, కుక్కలు దూరతాయని తలుపుకు గడియ పెట్టేసింది. చీకట్లో తిప్పేష్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. గిరికి ఫోన్ చెయ్యబోయాడు. చెమట చేతి బొటనవేలు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో మైకు గుర్తు మీద పడి, భయంతో అక్కడే బిగుసుకుపోయింది.

గోడ అవతల గోల మళ్లీ మొదలైంది. ఐదో తరగతికి భాగహారం చెప్తుంటే ఒకటో తరగతి కొట్టుకుంటోంది, రెండో తరగతి ఏడుస్తోంది. అందరికీ టీచరు ఒక్కతే. కాసేపటికి ఆ టీచరు గొంతూ ఏడుపులోకి దిగింది.

"నా వల్ల కాదు ఓబమ్మక్కా. ఒక్క పిల్లోనికీ భాగహారం రాలేదు. వచ్చినోళ్లందరికీ మొత్తుకున్నా, నాకు చేతకాలేదు, సాయం చేయండని. నవ్వి నూరేసి పోయినారు. శనివారం పోతా."

"అయ్యో తల్లీ! మార్కులు తగ్గితే నిన్ను ఎత్తేస్తారని మేమే పిల్లోళ్లకు నేర్పిచ్చినాం. పోయినేడు సారు అట్లే పోయినాడని అనుకున్నాం. నువ్వన్నా మాకు నిలబడాలని..." ఓబమ్మ ముక్కు చీదింది. "వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది కదమ్మా!"

"నన్ను ఉంచుకోవాలని, నాకు సాయమే రాకుండా చేసినారా!"

సరిగ్గా అప్పుడే కంబళిలోకి ఎలుక దూరింది. తిప్పేష్ కెవ్వుమన్నాడు. వేలు లేచింది, వాయిస్ మెసేజు గ్రూపులోకి పోయింది, బియ్యం బస్తా వచ్చి నెత్తిన పడింది. ఓబమ్మ పరుగున తలుపు తీసేసరికి, తవుడు కొట్టుకుపోయిన ఒక ఆకారం దొర్లుకుంటూ బయటికొచ్చింది.

"ఎవరూ కదలొద్దు! అసలు చంద్రిక యాడ?"

"నేనే సార్."

"నువ్వు కాదు, అసలైన చంద్రిక!"

"అసలైనా నేనే సార్!"

పిల్లలు చేతులు కట్టుకోవడం మరిచిపోయి పడిపడి నవ్వారు. ఇంతలో ఫోను మోగింది. అవతల అంజనమ్మ.

"తిప్పేష్, నువ్వు పంపింది విన్నా. నూరు మార్కుల్ని నమ్మి ఆ పిల్ల మొగమే చూడలేదు కదప్పా! రేపు పొద్దున్నే ఆడుంటా. పిల్లోళ్లను మాత్రం బాగా గోల చెయ్యమను."

చేశారు. చెప్పినదానికంటే ఎక్కువే చేశారు. అంజనమ్మ పూటంతా తరగతిలో కూర్చుని, మొహమాటం లేకుండా మార్కులేసింది. శనివారం తిప్పేష్ గంభీరంగా ఫోన్ చేశాడు.

"మేడమ్, గుండె దిటవు చేసుకోండి. మీకు ముప్పైనాలుగే."

"ముప్పైనాలుగా! అంటే అంజనమ్మ మేడం మళ్లీ వస్తుందా?"

"ముప్పైనాలుగుకి వారం వారం రావాల్సిందే. మరి రాజీనామా?"

"ఇంగేం రాజీనామా సార్!" అంటూ ఆమె ఏడుస్తూ నవ్వింది. వెనకాల ఓబమ్మ, టీచరమ్మకు ముప్పైనాలుగు మార్కులొచ్చాయని వచ్చినోళ్లందరికీ బెల్లం పంచుతోంది.