తన రాత తనే చదివే డ్రైవ్

1993 జూన్ 14, సోమవారం ఉదయం 10.40కి సికింద్రాబాద్‌లో ఒక పింఛన్ల కార్యాలయాన్ని మంత్రి జోగారావు గారు కాగితం లేని కార్యాలయంగా ప్రకటించారు. ప్రకటనను నాలుగు పేజీలుగా అచ్చువేసి పంచారు. విలేకరిగా వెళ్లిన నాకు రెండు ప్రతులు అందాయి.

తర్వాత మంత్రి కొత్త కంప్యూటర్‌లో ఫ్లాపీ పెట్టి మీట నొక్కాలి. చిలకలగూడ పుష్పమ్మ వితంతు పింఛను ఉత్తర్వు బయటికి రావాలి. ఈ ముహూర్తం కోసం చేతిరాత ఉత్తర్వులు ఆపేసి పద్నాలుగు నెలలైంది. అన్నాళ్లుగా తిరుగుతున్న ఆమెను ఆ రోజు ముందు వరసలో కూర్చోబెట్టారు.

మంత్రి నొక్కారు. చప్పట్లు మోగాయి. ఫ్లాపీ చదవలేనని కంప్యూటర్ తెలిపింది.

"ఏవైందమ్మా?" అన్నారు మంత్రి.

"ఇది పాత ఫ్లాపీ డ్రైవ్‌లో రాసింది సర్," అన్నారు ఆపరేటర్ ఎమిలీ. "దాని హెడ్, అదే రాసే ముల్లు, పక్కకి జరిగింది. వంకరగా రాస్తుంది. ఆ వంకర దానికే తెలుస్తుంది."

"అదీ విధేయతంటే! మా పార్టీలో ఇలాంటోడు ఒక్కడూ లేడు. ఏదీ అది?"

అధికారి అమ్మిరాజు గొంతు సవరించుకున్నారు. "తమరు వస్తున్నారని శుక్రవారమే పాత సామానుకింద తీయించేశాం సర్. మోండా మార్కెట్‌కి."

సైరన్ మోగిస్తూ పోలీసు జీపు మార్కెట్‌కి బయల్దేరింది. నేనూ ఎక్కాను. అక్కడ ఒక ఉల్లిగడ్డల దుకాణం పైన కప్పిన టార్పాలిన్ పట్టా ఎగిరిపోకుండా డ్రైవ్‌ను దాని మీద పెట్టి ఉంచారు. రెండు రోజుల వాన దాని మీదే పడింది.

"గట్టి మాల్ సార్. దీని బదులు ఓ బండరాయన్నా ఇయ్యుండ్రి," అన్నాడు దుకాణదారు. జీపులో వచ్చిన ఎస్సై వైర్‌లెస్‌లో అనుమతి తీసుకుని రాయి ఇచ్చారు.

11.50కి కార్యాలయంలో ఎమిలీ డ్రైవ్‌ను చేతిరుమాలుతో తుడిచి, కేబుల్ తగిలించి, మూల మీద రెండు దెబ్బలు వేశారు. కర్రు కర్రుమంది. తెర మీద పేర్లు వచ్చాయి. మొదటిది పుష్పమ్మది.

"ఆపండి!" అన్నారు మంత్రి. "వానలో తడిసొచ్చిన ప్రాణి. ఇంకా పని చేయిస్తారా?"

డ్రైవ్‌ను ఊడదీసి శాలువా కప్పారు. అద్దాల పెట్టెలో పెట్టి తాళం వేశారు. ఫ్లాపీ దాని లోపలే ఉండిపోయింది. తాళంచెవి మంత్రి జేబులో వేసుకున్నారు.

"సారూ, నా కాయితం?" అంది పుష్పమ్మ.

"ఇంకా కాయితమేంటమ్మా! నీ పేరు చరిత్రలోకి ఎక్కింది. అద్దంలోంచి చూస్కో."

పుష్పమ్మ చూసింది. "ఏందమ్మా, నా పేరుకు తాళమేసిండు గీ సారు?"

"జెర ఆగు పుష్పమ్మా," అన్నారు ఎమిలీ. "కారు పోనీ."

మంత్రి కారు 12.35కి వెళ్లింది. 12.50కి పుష్పమ్మ ఉత్తర్వుతో గేటు దాటింది. సంతకం అమ్మిరాజుది, రాత ఎమిలీది. ఉదయం మంత్రి వచ్చేలోగా కాగితాలన్నీ కనపడకుండా తీసేయమని అమ్మిరాజు అన్నప్పుడు ఎమిలీ పింఛన్ల రిజిస్టరును కుర్చీ దిండు కింద పెట్టుకుని కూర్చున్నారు.

ఒంటిగంటకు అది బల్ల మీద తెరిచి ఉంది. ఆమె రెండో పేరుకు ఉత్తర్వు రాస్తున్నారు.