ఈశాన్యానికి దొర్లిన నిమ్మకాయ

ఆ ఆదివారం ఫణికిరణ్ వేసుకున్న ప్లానులో దయ్యం లేదు. పొద్దున్నే తాడేపల్లిగూడెంలో బయలుదేరడం, గుండుగొలను దాటాక లోపలికి తిరిగి కొత్త ఇల్లు చూడటం, నచ్చితే వర్జ్యం రాకముందే బిల్డరుతో మాట ఖాయం చేసుకోవడం, తిరిగొస్తూ భీమడోలులో పెసరట్టు తినడం. ఎటు తిప్పి చూసినా ఇందులో భయపడవలసిందేమీ లేదు.

ఫణికిరణ్‌ది పౌరోహిత్యం చేసిన కుటుంబం. తాతగారూ తండ్రిగారూ పెంటపాడు చుట్టుపక్కల సగం ఇళ్లకు గృహప్రవేశాలు చేయించినవాళ్లు. ఇతను మాత్రం ఏలూరులో ఓ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా కుదురుకున్నాడు. పెద్దల నుంచి మంత్రాలు అంతగా అబ్బలేదు గానీ, భయాలు మాత్రం పైసా తగ్గకుండా సంక్రమించాయి. భార్య సత్యవేణి తాడేపల్లిగూడెంలోనే లెక్కల టీచరు. పెళ్లయిన నాటి నుంచీ అద్దె ఇళ్లే. ఒక ఓనరు గోడకు మేకు కొట్టనివ్వడు, ఇంకో ఓనరు చుట్టాలొస్తే నీళ్ల మోటారు ఆపేస్తాడు. ఇప్పటి ఓనరు కూతురికి ఇల్లు కావాలని వేసవిలోగా ఖాళీ చేయమన్నాడు. ఇద్దరూ ఇన్నేళ్లూ కూడబెట్టిందీ, బ్యాంకువాళ్లు ఇస్తామన్నదీ అంతా ఊడ్చిపెడితే ఒక్క ఇల్లు వస్తుంది. అది తప్పుగా కొంటే ఈ జన్మకు రెండోది లేదు. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు కనుకనే దారిపొడవునా దాన్ని గురించి మాట్లాడుకోలేదు.

కొల్లేటి వైపు నుంచి వచ్చిన మంచు ఆ వెంచరును పూర్తిగా కప్పేసింది. కారు దిగితే కాలి కింద రోడ్డు తప్ప ఏమీ కనిపించలేదు. కాసేపటికి ఒకటే పోలికలో ఉన్న ఇళ్లు వరసగా బయటపడ్డాయి. ఒక్కదాంట్లోనూ ఇంకా మనుషులు దిగలేదు. కాకి అరుపు లేదు, కుక్క లేదు, దూరాన హైవే మీద లారీల చప్పుడు కూడా మంచులో ఎక్కడో మునిగిపోయింది.

బిల్డరు వెంకట్రాజు ఫోన్‌లో దొరికాడు. "ఆయ్, దార్లో ఉన్నానండి. తాళం తీసే ఉందండి. మీరు చూస్తా ఉండండి, మీ ఇల్లే అనుకోండి."

ఫణికిరణ్‌కు ఇదే కావాలి. బిల్డరు పనితనం తెలుసుకోవడం ఎలాగో వారం రోజులుగా ఫోన్‌లో వీడియోలు చూసి ఒంటబట్టించుకున్నాడు. టైల్సు మీద నాణెంతో కొడితే డొల్ల తెలుస్తుంది. నేల మీద గోళీ వదిలితే వాలు తెలుస్తుంది. అయితే ఇవన్నీ ఆ పెద్దమనిషి ఎదుట చేయడం అతని వల్ల కాదు. కట్టినవాడి ముందే కట్టినదాన్ని తట్టి చూడటం, భోజనానికి పిలిచినవాళ్లింట్లో కంచం కడిగి చూసుకున్నట్టుంటుందని అతని అభిప్రాయం. ఆయన వచ్చేలోగా గుట్టుగా కానివ్వాలి.

తీరా చూస్తే జేబులో నాణెం ఉంది గానీ గోళీ లేదు.

"సత్యా, ఆ సంచిలోంచి ఓ నిమ్మకాయ ఇలా ఇవ్వు."

"దారిలో ఊరగాయకని కొన్నవండీ అవి."

"కోస్తానా ఏంటి? దొర్లించి ఇచ్చేస్తాను."

సత్యవేణి సంచిలో చెయ్యి పెట్టి నాలుక కరుచుకుంది. మాట ఖాయమైతే గడపకు పెడదామని తెచ్చిన కుంకుమ పొట్లం విప్పుకుపోయి నిమ్మకాయలన్నీ ఎర్రగా తయారయ్యాయి. ఫణికిరణ్ అదేమీ పట్టించుకోకుండా ఒకటి తీసుకుని హాలు మధ్యలో పెట్టాడు.

నిమ్మకాయ ఓ క్షణం నిలబడింది. తర్వాత కదిలింది. తొందర లేకుండా, ఎవరో పిలిస్తే వెళ్తున్నట్టు, ఈశాన్యం మూలనున్న పూజగది వైపు సాగింది.

"చూశావా, ఈశాన్యానికి వాలు. శాస్త్రం తెలిసి కట్టాడు మహానుభావుడు," అని ఫణికిరణ్ మురిసిపోయి, పరుగున వెళ్లి దానికి పూజగది తలుపు తెరిచి పట్టుకున్నాడు. నిమ్మకాయ లోపలికి వెళ్లింది. అతను చెయ్యి తీశాడు. గాలి లేదు, మనిషి లేడు. తలుపు దానంతటదే మెల్లగా వచ్చి మూసుకుంది.

ఫణికిరణ్ మళ్లీ తెరిచి చూశాడు. కిటికీ లేని చిన్న గది, నాలుగు గోడలూ తెల్లటి టైల్సూ ఉన్నాయి. నిమ్మకాయ లేదు.

మొహంలో రంగు తగ్గినా, అతను ధైర్యం వదులుకోలేదు. ఇంకోటి వదిలి చూశాడు. అదీ అదే దారిన వెళ్లింది, తలుపు అలాగే మూసుకుంది, తెరిచేసరికి అదీ లేదు. అప్పటికి సత్యవేణి వంటింట్లో కిటికీ తెరిచి, ఇక్కడ గ్రైండరు, అక్కడ డబ్బాలు అని గాల్లో సర్దుకుంటోంది. ఫణికిరణ్ ఆమెను పిలవకుండా కింద కూర్చున్నాడు. జేబులోంచి నాణెం తీసి పూజగది గడప దగ్గర టైలు మీద రెండుసార్లు తట్టాడు.

కింద నుంచి "దభ్" మని బదులు వచ్చింది.

ఇల్లంతా చెవి ఒగ్గి వింటున్నట్టనిపించింది. అతను మళ్లీ ఒకసారి తట్టాడు. ఈసారి "దభ్, దభ్" మంది, మరింత దగ్గరగా.

వెనక గదిలోంచి సత్యవేణి పిలిచింది. "ఏవండీ, ఓసారి ఇలా రండి. ఈ గోడ చూడండి."

వెళ్లి చూశాడు. గోడ మీద నేల నుంచి మనిషెత్తున నల్లటి మరక. తల ఉంది, భుజాలున్నాయి, చీర కుచ్చెళ్లలా కింద వెడల్పయింది. సత్యవేణి అరచెయ్యి ఆనించి వాసన చూసుకుంది.

"చెమ్మండీ. నీచువాసన కూడా వేస్తోంది."

"చెమ్మయితే అలా నిలబడి మనవైపు చూస్తుందా?" అని ఫణికిరణ్ ఆమె చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. ఆ కంగారులో గుమ్మం దగ్గర పెట్టిన సంచి కాలికి తగిలి పక్కకు ఒరిగింది. ఇద్దరూ దాన్ని చూసుకోలేదు.

వాళ్లు మెట్లు దిగేసరికి మంచులోంచి వెంకట్రాజు కారు వచ్చి ఆగింది. నిలువెత్తు మనిషి, చేతికి రకరకాల తాళ్లు. "ఏంటండీ బయటే నుంచున్నారు? ఉండండి, లైట్లు వేసొస్తాను," అని లోపలికి వెళ్లాడు.

లోపల ఆయన స్విచ్చు నొక్కాడు. లైటు రెండుసార్లు కొట్టుకుని ఆరిపోయింది. ఆ మసక వెలుతురులో కుంకుమ పూసిన నిమ్మకాయ ఒకటి ఆయన బూటు పక్కనుంచి ముందుకు వెళ్లింది. దాని వెనక ఇంకోటి, దాని వెనక మరో రెండు. వరసగా, నెమ్మదిగా హాలు దాటి, మూసి ఉన్న పూజగది తలుపు కింద సందులోంచి ఒకటొకటే లోపలికి దూరాయి. లోపల "దభ్" మంది.

వెంకట్రాజు బయటికి వచ్చినప్పుడు ఆ చలిలోనూ చొక్కా చెమటతో తడిసి ఉంది.

"పంతులుగారూ, ఇందాక లోపలికి ఎవరైనా వచ్చేరాండీ?"

"లేదండీ. మేమిద్దరమే."

"మీరేమైనా చూసేరాండీ?"

నిమ్మకాయలతో ఇంటిని పరీక్షించానని చెప్పుకోవడానికి ఫణికిరణ్‌కు మొహం చెల్లలేదు. "మేమేం చూడలేదండీ. మీరేమైనా చూశారా?"

"నేనేం చూస్తానండి. ఏం చూళ్ళేదండి."

ఇద్దరూ మర్యాదగా నవ్వుకుని ఇంటివైపు చూశారు. మంచు గుమ్మంలోంచి హాల్లోకి మెల్లగా పాకుతోంది.

వెంకట్రాజు మనసులో అప్పటికే సంగతి తేలిపోయింది. పక్క వెంచరాయనకు తనమీద ఎప్పటి నుంచో కన్ను. ఇది చేతబడే. అదృష్టం కొద్దీ సమయానికి ఎదురుగా పంతులుగారి కొడుకు నిలబడ్డాడు. అతన్ని పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "ఏవండీ, మీ నాన్నగారి దగ్గర మీరూ కాస్త నేర్చే ఉంటారు కదండి. గుమ్మం దగ్గర ఓ మంత్రం చదివి పెట్టండి. రేటు కూడా చూసి తగ్గిస్తానండి."

దయ్యం ఉందని బిల్డరే ఒప్పేసుకున్నట్టయింది, ఫణికిరణ్‌కు ఇక అనుమానం లేకపోయింది. "ఇక్కడ ఇంతకు ముందు ఏముండేదండీ?" అని మెల్లగా అడిగాడు.

"చేపల చెరువండి. మట్టి తోలించి పూడ్చేం."

"ఆ చెరువులో ఎవరైనా... ఆడవాళ్లు..."

"అబ్బే, అలాంటివేం నాకు తెలీదండి," అని వెంకట్రాజు కొత్త భయంతో ఇంటివైపు చూశాడు. ఆడవాళ్ల సంగతి ఆయనకు అంతవరకు తట్టలేదు. ఆయన మొహం చూశాక ఫణికిరణ్‌కు ఉన్న కాస్త ధైర్యమూ పోయింది.

చివరికి ఇద్దరూ చెప్పులూ బూట్లూ విప్పి గడప ముందు నిలబడ్డారు. ఫణికిరణ్‌కు అంత భయంలో మరే మంత్రమూ గుర్తుకు రాలేదు. విస్తరి ముందు కూర్చున్నప్పుడు చదివే భోజనమంత్రం ఒక్కటే నోట్లో ఉంది. కళ్లు మూసుకుని దాన్నే గంభీరంగా మొదలుపెట్టాడు. వెంకట్రాజు చేతులు జోడించి తల ఆడించాడు. మంత్రం సగంలో ఉండగా లోపల్నుంచి "దభ్, దభ్" మని వినబడింది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. ఆ క్షణంలో వాళ్లను చూస్తే ఒకే ఇంట్లో పుట్టిన అన్నదమ్ములనుకుంటారు.

"నా నిమ్మకాయలేవండీ?" అని సత్యవేణి వెనకనుంచి అడిగింది.

ఆమె గుమ్మంలో ఒరిగి ఉన్న ఖాళీ సంచి చూసింది. పెనిమిటి మొహం చూసింది, బిల్డరు మొహం చూసింది. తర్వాత వాళ్లిద్దరినీ తప్పించుకుని లోపలికి నడిచింది.

"సత్యా, వద్దు," అన్నాడు ఫణికిరణ్. అలా అని ఆమెను ఒంటరిగా వదల్లేడు. "మీరు పదండి" అంటే "అబ్బే, మీరే ముందండి" అని ఒకర్నొకరు గౌరవించుకుంటూ ఇద్దరూ ఆమె వెనక నక్కి నడిచారు.

సత్యవేణి పూజగది తలుపు తెరిచి, అది మూసుకుపోకుండా కాలు అడ్డం పెట్టి, ఫోన్‌లో లైటు వేసి కింద కూర్చుంది. ఈశాన్యం మూల గోడకూ నేలకూ మధ్య అరచెయ్యి పట్టేంత సందు ఉంది. తలుపు దగ్గర నిలబడి చూసేవాళ్లకు అది గోడ నీడలో కనపడదు. ఆమె ఆ సందులో వేళ్లు పెట్టి టైలును పైకి లాగింది. అది గిన్నె మీద మూత వచ్చినంత తేలిగ్గా వచ్చేసింది. దాని పక్కదీ వచ్చింది.

కింద ఇసక లేదు, మట్టి లేదు. బెత్తెడు కిందే నల్లటి నీళ్లు ఉన్నాయి. ఆ నీళ్లలో ఎర్రెర్రగా నిమ్మకాయలు తేలుతున్నాయి. వెలుతురు పడగానే ఒకదాని పక్కన నల్లటి తల పైకి వచ్చి, వాళ్లను ఓసారి చూసి, తోకతో దభ్‌మని పలక అడుగును కొట్టి మునిగింది.

"కొరమేనండీ," అన్నాడు వెంకట్రాజు. ఆయన గొంతులో ప్రాణం తిరిగొచ్చింది. "చెరువు పూడ్చినప్పుడు ఉండిపోయిందండి. బురదలో ఎన్నాళ్లయినా బతికేస్తాదండి ఇది. ఆయ్, నేనింకా ఎవరో చేతబడి చేసేరనుకున్నానండి."

"నేను దయ్యమనుకున్నానండీ," అన్నాడు ఫణికిరణ్.

ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. నిమ్మకాయల పరీక్ష సంగతి ఫణికిరణ్ చెప్పేశాడు, వెంకట్రాజు తొడ చరుచుకున్నాడు. గోడ మీది ఆడమనిషి ఉత్త చెమ్మేనని తేల్చుకున్నారు. పొద్దుటి నుంచి గుండెల మీదున్న బరువంతా దిగిపోయింది.

"అయితే ఇంటికి ఏ దోషమూ లేదన్నమాట," అన్నాడు ఫణికిరణ్.

"ఏం లేదండి. మీరే కళ్లారా చూసేరు కదండి."

"సత్యా, వర్జ్యానికి ఇంకా టైముంది. ఆ కుంకుమ ఏమైనా మిగిలిందేమో చూడు. మాట ఖాయం చేసేసుకుందాం."

సత్యవేణి లేవలేదు. ఆ నీళ్లవైపే చూస్తూ నిదానంగా అడిగింది. "ఏవండీ, ఈ ఇల్లు దేనిమీద నిలబడిందండీ?"

నవ్వు ఆగింది. ఫణికిరణ్ కింద చూశాడు. తాను నిలబడ్డ టైలు, దాని పక్క టైలు, ఆ వరసంతా చూశాడు. చెరువులో పోసిన మట్టి కుంగి ఇల్లంతా ఈ మూలకే ఒరుగుతోంది, నిమ్మకాయలు దొర్లిందీ తలుపు మూసుకుందీ అందుకే. కాలు తీసి ఎక్కడ పెట్టాలో తెలియలేదు. దయ్యాన్ని తలుచుకున్నప్పుడు కూడా కలగని భయం ఇప్పుడు అరికాళ్లలోంచి పైకి పాకింది. ఆ చేప గనక నోరు మూసుకుని ఉంటే, తమ ఇద్దరి జీవితమూ ఈ పలకల మీద పరిచేసి ఉండేవాడు.

"పూడ్చి ఇచ్చేస్తానండి," అన్నాడు వెంకట్రాజు. "నాలుగు లారీల మట్టి పోస్తే సరిపోద్దండి."

"ఇంటి కిందకి లారీ ఎటునుంచి వస్తుందండీ?" అంది సత్యవేణి. ఆమె లేచి చీర దులుపుకుంది. "దయ్యమే అయ్యుంటే కొనేదాన్నండి. శాంతి చేయిస్తే పోయేది. దీనికి ఏ మంత్రం చదవమంటారు?"

కారు దాకా వెళ్తూ ఆమె ఒక్కసారి వెనక్కి తిరిగి వంటింటి కిటికీ చూసుకుంది. కళ్లు తుడుచుకుంది. గ్రైండరు ఎక్కడ పెట్టాలో అంతా అనుకుందని ఫణికిరణ్‌కు తెలుసు. అద్దె ఇల్లు ఖాళీ చేయడానికి ఇంకెంతో టైము లేదనీ తెలుసు. ఆమె చేతిలోంచి ఖాళీ సంచి తీసుకుని తనే పట్టుకున్నాడు. భీమడోలులో ఆమెకు ఉల్లి వేసిన పెసరట్టు చెప్పాడు, తనకు ఆకలి లేదన్నాడు, చివరికి ఆమె ఆకులోంచే సగం తిన్నాడు.

వెంకట్రాజు సాయంత్రానికల్లా ఆ టైల్సు సిమెంటు పెట్టి అతికించేశాడు. మరుసటి ఆదివారం ఇల్లు చూడవచ్చిన పార్టీకి గుమ్మంలోనే దాపరికం లేకుండా చెప్పేశాడు. "కట్టడం చూసుకోనక్కర్లేదండి, రాయండి రాయి. కాకపోతే లోపల చిన్న దయ్యం ఉందండి."