బెర్గెన్‌కు బదిలీ

మా అమ్మాయి మేఘ నాకు రెండే రెండు పనులు అప్పజెప్పింది. ఒకటి, మంచులో నడవడానికి బూట్లు కొనుక్కోవడం. రెండోది, విమానం దిగాక ఓడ దగ్గరికి పోయే బండి సంగతి చూడటం. టికెట్లు, వీసాలు, స్వెట్టర్లు అన్నీ తనే చూసుకుంది. "బాపూ, గీ రెండు నీ పనులు, జర యాదుంచుకో" అని మూడుసార్లు చెప్పింది. నవ్వొద్దని మీ దగ్గర ముందే మాట తీసుకుంటున్నాను, ఎందుకంటే ఆ రెండూ నేను చెడగొట్టాను.

నేను మొయినాబాద్‌లో ఓ సర్కారు ఆఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్లు గుమాస్తాగిరీ చేసి మొన్న ఆగస్టులో రిటైరయ్యాను. ఆ సంతోషంలో మేఘ, అల్లుడు అభిలాష్ కలిసి మా ఇద్దరికీ నార్వేలో ఓడ ప్రయాణం బుక్ చేశారు. అదీ ఫిబ్రవరిలో. బెర్గెన్ అనే ఊళ్లో ఓడ ఎక్కి, మంచుకొండల మధ్య నుంచి ఇంకా చలి ఉన్న చోటికి పోవాలి. ఉన్న చలి చాలదా అని అడిగితే అల్లుడు నవ్వాడు.

మా ఆవిడ కౌసల్య చిన్న మంగళారంలో అంగన్‌వాడీ టీచరు. పెళ్లయినప్పట్నుంచి ఆమె లోకమంతా పొద్దున చిన్న మంగళారం, సాయంత్రం మొయినాబాద్. ఈ కబురు తెలిసిన మర్నాడే పిల్లలందరి చేతా ఓడ బొమ్మలు గీయించింది. ముప్ఫై మంది ముప్ఫై ఓడలు గీశారు, వాటిలో సగం ట్రాక్టర్ల లాగా ఉన్నాయి. వాటన్నిటినీ తెచ్చి మా ముందుగదిలో గోడకు అంటించింది. ఆ గోడ చూసినప్పుడల్లా నాకు ఒకటే బెంగ. ఇంత ఆశ పెట్టుకున్న మనిషి ప్రయాణం నా వల్ల ఆగిపోతే ఆ ట్రాక్టర్లకు ఏం సమాధానం చెప్పాలి?

ముందు బూట్ల సంగతి. నా కుడికాలి చిటికెన వేలి పక్కన ఓ ఆనికాయ ఉంది. దాని వయసూ మేఘ వయసూ ఒకటే. మేఘ పెళ్లయి వెళ్లిపోయింది కానీ ఇది వెళ్లలేదు. దాని పుణ్యమా అని నేను ఉద్యోగం మొత్తం చెప్పులతోనే లాగించాను. పెద్ద ఆఫీసర్లు తనిఖీకి వచ్చిన రోజు బల్ల వెనక నుంచి బయటికి వచ్చేవాణ్ని కాదు. నాకు పని మీద అంత శ్రద్ధ అని వాళ్లు రాసుకుని పోయేవారు.

మెహిదీపట్నంలో బూట్ల దుకాణానికి ఇద్దరం వెళ్లాం. కౌసల్య కాలికి బూటు ఎక్కదు, మెట్టెలు అడ్డం. మెట్టెలు తీసేయండమ్మా అన్నాడు దుకాణదారు. మీ ఇంట్లో ఆమెతో ఈ మాట అని చూసి అప్పుడు నాకు చెప్పు అంది కౌసల్య. ఆ తర్వాత అతను మాట్లాడకుండా పద్నాలుగు జతలు దించాడు. పదిహేనో జత ముందువైపు వెడల్పుగా ఉంది, మెట్టెలతో సహా పాదం లోపలికి పోయింది. ఆమె దుకాణంలో అటూ ఇటూ నడిచి చూసుకుంటుంటే, ఫోన్ వచ్చినట్టు నటించి నేను బయటికి జారుకున్నాను. తిరిగి వచ్చి, నా సైజు అయిపోయిందట అన్నాను.

నా పథకం నాకుంది. తోలు చెప్పులు, వాటిలో రెండు జతల ఉన్ని మేజోళ్లు, పైన ప్లాస్టిక్ కవరు, దానికో రబ్బరు బ్యాండు. అసలు నేను ఓడ దిగితే కదా బూట్లు కావాల్సింది? హీటరు పక్కన కూర్చుని కిటికీలోంచి నార్వే మొత్తం చూసేస్తాను. ఇదంతా విని కౌసల్య ఒక్క మాట కూడా అనలేదు. ఒప్పుకుందనుకుని సంతోషించాను. ఇన్నేళ్ల కాపురం తర్వాత కూడా నా తెలివి అంతవరకే.

ఇక బండి. ఓడ కంపెనీ వాళ్లు ఫోన్‌కు ఒక ఫారం పంపించారు. ఫారాలు నింపడం నాకు చేతనైన ఒకే ఒక్క విద్య కాబట్టి, కౌసల్యను దగ్గరికి కూడా రానివ్వకుండా కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాను. పదకొండో ప్రశ్న దగ్గర ఆగిపోయాను. 'ట్రాన్స్‌ఫర్ కావాలా?' అని ఉంది.

ఆ మాటతో నాది పాత పగ. నా ఉద్యోగంలో తొమ్మిదిసార్లు బదిలీల గాలి వీచింది, తొమ్మిదిసార్లూ నేను కదల్లేదు. ఒకసారి మెడికల్ గ్రౌండు మీద ఆనికాయ చూపించాను. ఇంకోసారి మా అత్తమ్మ మోకాళ్లు చూపించాను. మిగతా అన్నిసార్లూ స్పౌజ్ కేసు. భార్య ఇక్కడే పనిచేస్తోంది, మమ్మల్ని విడదీయొద్దు అని దరఖాస్తు పెట్టేవాణ్ని. అంగన్‌వాడీ టీచరు స్పౌజ్ కిందికి వస్తుందా రాదా అని పై ఆఫీసు తేల్చుకునేలోపు బదిలీల గడువు అయిపోయేది. ఆఫీసులో నన్ను హద్దురాయి పాండురంగం అనేవారు. అలాంటి నన్ను పట్టుకుని ట్రాన్స్‌ఫర్ కావాలా అంటే ఏం చేస్తాను? నా వేలు నన్ను అడక్కుండానే 'వద్దు' మీద పడింది. రిటైరైనా వదలరేమో వీళ్లు అనుకుంటూ ఫారం పంపేశాను.

వారం తర్వాత పక్కింటి సీతారామారావుగారు ప్రహరీగోడ మీదుగా పలకరించారు. ఆయనది భీమవరం, తొంభై ఆరులో వచ్చి మొయినాబాద్‌లో స్థిరపడ్డారు. సాఫ్ట్‌వేర్‌లో చేసి మానేశారు, ఇప్పటికి రెండుసార్లు ఓడ ఎక్కి దిగారు. "ట్రాన్స్‌ఫర్ పెట్టించుకున్నారా పాండురంగంగారూ?" అన్నారు. నేను రిటైరయ్యాను కదా, ఇంకా ట్రాన్స్‌ఫర్ ఏమిటన్నాను.

ఆయన గోడకు ఇంకాస్త దగ్గరగా వచ్చారు. తర్వాత నెమ్మదిగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పారు. ట్రాన్స్‌ఫర్ అంటే విమానాశ్రయం నుంచి ఓడరేవుకు కంపెనీ పంపే బస్సట. కంపెనీ బస్సయితే విమానం ఆలస్యమైనా ఓడ ఆగుతుందట. మనంతట మనం పోతే ఆగదట. ఆ నెలలో అక్కడ మంచు పడి రోడ్లు మూసేసినా మూసేస్తారట. మా కృష్ణయ్య ఆటో మొయినాబాద్ నుంచి చిల్కూరుకు కదలాలంటే పదకొండో మనిషి ఎక్కాలి, అంతదాకా మనకోసం ఆగుతుంది. ఓడ అలా కాదు కదా.

రెండు నిమిషాల పని, ఫోన్ చేసి మార్పించుకోండి అన్నారాయన. ఫోన్‌లో అయితే వాళ్ల ఇంగ్లీషుకు నేను అప్పటికప్పుడు జవాబు చెప్పాలి. మేఘకు చెప్తే కౌసల్యకు తెలుస్తుంది. కౌసల్యకు తెలిస్తే ఇంకేమైనా ఉందా? అందుకని నాకు చేతనైన దారిలో పోయాను. ఒక దరఖాస్తు రాశాను. ఇంగ్లీషులో రాసినా దాని తెలుగు ఇదీ:

"ఆర్యా, నేను పొరపాటున ట్రాన్స్‌ఫర్ వద్దని తెలియజేసితిని. నా భార్య కూడా అదే ఓడలో వచ్చుచున్నందున, ఆమెను విడిచి నేను ఉండలేని కారణమున, దీనిని స్పౌజ్ కేసుగా పరిగణించియు, నా కుడికాలి దీర్ఘకాలిక వ్యాధిని దయతో దృష్టిలో ఉంచుకొనియు, నాకు ట్రాన్స్‌ఫర్ మంజూరు చేయవలసినదిగా ప్రార్థించుచున్నాను."

ముప్ఫై ఒక్క ఏళ్లలో తిరుగులేని దరఖాస్తు అది. రెండ్రోజుల్లో జవాబు వచ్చింది, నేను సాయంత్రం చూసుకున్నాను. మీ కాలి వ్యాధి గురించి విని మేమంతా చాలా బాధపడుతున్నాం అని మొదలుపెట్టారు. మీ కేసును మా డాక్టర్లకు పంపాం, మీరు మూసి ఉన్న బూట్లు వేసుకుని ఎవరి సాయం లేకుండా మంచు మీద నడవగలరని డాక్టరు సర్టిఫికెట్ పది రోజుల్లో పంపండి, అంతవరకు మీ ఇద్దరి బుకింగ్ ఆపి ఉంచుతున్నాం అని ముగించారు.

ఇద్దరిదీ. ఆ మాట మళ్లీ చదివాను. తల ఎత్తితే గోడ మీద ముప్ఫై బొమ్మలు. కౌసల్య వంటింట్లో మేఘతో ఫోన్‌లో మాట్లాడుతూ, అక్కడ మంచు చేతిలోకి తీసుకుంటే ఎంతసేపు కరక్కుండా ఉంటుందని అడుగుతోంది.

చేవెళ్లలో మా ఇంటి డాక్టర్ జయరాజ్ దవాఖాన ఉంది. క్యారెట్ చవకగా వస్తుందని చెప్పి మర్నాడు పొద్దున బయల్దేరాను. సర్టిఫికెట్‌కు బూట్లు కావాలి, నా దగ్గర లేవు. దారిలో గులాబీ తోటలో పనిచేసే అంతయ్యను బతిమాలి అతని గంబూట్లు అడిగి తెచ్చుకున్నాను. అవి నాకు రెండు సైజులు పెద్దవి. దవాఖాన మెట్లు ఎక్కుతుంటే నేనొక అడుగు ముందూ, బూట్లు ఒక అడుగు వెనకా వచ్చాయి.

డాక్టరు నా కాళ్లను చూసి కలం కింద పెట్టాడు. "పాండన్నా, గివి తోటల మందు కొట్టెటప్పుడు తొడుగుతరే" అన్నాడు. ఎలాగోలా సర్టిఫికెట్ ఇవ్వు తమ్ముడూ, ఇంట్లో తెలియకూడదు అన్నాను. అతను బల్ల కింద నుంచి ఒక అట్టపెట్టె తీసి నా ముందు పెట్టాడు. అందులో బూట్లు, నా సైజువి, ముందువైపు వెడల్పుగా, మెత్తగా ఉన్నాయి.

"నిన్న కౌసల్యక్క ఇచ్చి పోయింది, నువ్వు దుకాణంలకెళ్లి బయటికి పోయినప్పుడే కొన్నదట. గివి తొడుక్కొని ఐదు దినాలు నడిచి సూపించినంకనే కాయితం ఇయ్యమన్నది. ఆనికాయకు మందు గూడ రాయమన్నది."

క్యారెట్ కొనడం మరిచిపోయి ఇంటికి వచ్చాను. కౌసల్య ముందుగదిలో ఫోన్‌లో ఏదో నింపుతూ కూర్చుని ఉంది. రోజూ ముప్ఫై మంది పిల్లల బరువు, ఎత్తు ఫోన్‌లో ఎక్కించే మనిషి ఆమె. కంపెనీ ఏది పంపినా, కింద నేను రాసిందానితో సహా, నాతో పాటు ఆమె ఫోన్‌కూ వస్తుందన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. నీకు ఎప్పటి నుంచి తెలుసు అని అడిగాను.

"నువ్వు వద్దని కొట్టిన దినమే. నేను 'కావాలె' అని మార్చి పంపిన. బస్సు ఎప్పుడో ఖాయమైంది. లొల్లంత నీ దరఖాస్తుతోనే వచ్చింది."

నాకు ఒక్కసారిగా ఊపిరి తిరిగింది, వెంటనే కోపమూ వచ్చింది. మరి ముందే చెప్పొచ్చు కదా, నేను నాలుగు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదన్నాను. అప్పుడామె ఫోన్ పక్కన పెట్టింది.

"నీకు వికారాబాద్ ఇచ్చిన్రు, యాదున్నదా? మేఘ అప్పుడు రెండేండ్లది. ఆడ అనంతగిరి గుట్టలు, పొద్దుగాల మంచు పడ్తదట. నాకు పోవాలనుండె. నౌకరి ఇడిచిపెట్టి వద్దామనుకున్న గూడ. నువ్వు నన్ను ఒక్క మాట అడగలే. నా పేరు జెప్పుకొనే ఆపించుకున్నవ్."

ఏడుసార్లు ఆమె పేరు కాగితం మీద రాశాను. ఒక్కసారి కూడా వంటింట్లోకి వెళ్లి నీకేం కావాలని అడగలేదు. నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో నాకు చాలా సిగ్గేసింది.

"గందుకే ఊకున్న," అంది కౌసల్య. "గీసారన్న నీ అంతట నువ్వు ట్రాన్స్‌ఫర్ అడుగుతవా లేదా సూద్దామని. అడిగినవ్."

తర్వాత అల్మారాలోంచి ఒక కాగితం తీసింది. నా దరఖాస్తే, ఇంటర్నెట్ దుకాణంలో ప్రింటు తీయించింది. 'ఆమెను విడిచి నేను ఉండలేని కారణమున' అన్న చోట పిల్లల ఎర్ర పెన్సిల్‌తో గీత గీసి ఉంది. గింత మంచిగ ఎన్నడన్న మాట్లాడినవా అని అడిగి, నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ కాగితం మేఘకు కూడా పంపిందట. మేఘ అభిలాష్‌కు పంపిందట. అభిలాష్ ఎవరికి పంపాడో నేను అడగలేదు.

ఇవాళ ఐదో రోజు. మొయినాబాద్ నుంచి చిల్కూరు చౌరస్తా దాకా, ఎండలో, మంచు బూట్లతో నడుస్తున్నాను. మధ్యలో నేను చెప్పులు మార్చుకోకుండా చూడటానికి కౌసల్య కృష్ణయ్య ఆటోలో వెనకే వస్తోంది. నడుస్తూ తెలిసినవాళ్లందరికీ దండం పెడుతున్నానని, నేను సర్పంచుకు నిలబడుతున్నానని మూడో రోజే పుకారు పుట్టింది. పొద్దున రాములమ్మ హోటల్ దగ్గర నలుగురు నన్ను ఆపి, ఏ పార్టీ అన్నా అని అడిగారు. నేను నోరు తెరిచేలోపు వెనక ఆటోలోంచి కౌసల్య జవాబు చెప్పింది.

"ఏ పార్టీ లేదు. ఈయనకు ట్రాన్స్‌ఫర్ అయింది."

ఎక్కడికని వాళ్లు అడుగుతూనే ఉన్నారు. నేను ఆగకుండా నడిచాను.