ఏ నీతి ప్రకారం వంతెన?

ఇరవై ఏళ్ళుగా దూ హాన్‌ని ఒక సందేహం పట్టుకుని వదలలేదు. వాళ్ళ నాన్న ఏటిలో పడ్డ రోజున పడవ నడిపే షాన్, తన సొంత మేకను వరదకు వదిలేసి, ఏ చుట్టరికమూ లేని ఆయన్ని ఎందుకు లాగాడు? ఏ నీతి ప్రకారం?

అందుకే మంత్రి షి బాన్‌గారి ప్రకటన విని పొంగిపోయాడు. లిన్‌జీ నగరంలోని నాలుగు పండిత పక్షాల నీతులనూ పోల్చి, ఏది గొప్పదో తేలుస్తారట! ఇంత మంచి ఆలోచన ఇంకే మంత్రికి వస్తుంది? సభా వేదిక కోసం వంతెన పలకలు సగం అప్పుడే ఊడదీయించారు కూడా.

చిక్కల్లా అక్కడే వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్ళకు పోయిన నాన్న సమాధి అవతలి ఒడ్డున ఉంది. నైవేద్యానికి మేకను కూడా కొన్నాడు. షాన్ పడవ ఉంది కానీ, మేక బాకీ తీర్చకుండా ఆ మనిషి ఎదుట ఏ మొహంతో కూర్చోవడం? ఇన్నేళ్ళూ వంతెన మీదనే తిరిగాడు.

వెళ్ళి మంత్రిగారి ముందు మోకరిల్లాడు.

"ప్రభూ, వంతెన బాగుచేయించండి."

"తప్పకుండా! కానీ ఏ నీతి ప్రకారం? ముందు అది తేలనీ."

సభ మొదలైంది.

"ముందు తండ్రి, తర్వాత అన్న, ఆ తర్వాతే ఊరు. ప్రేమకు వరస ఉండాలి," అన్నాడు రూ పక్షం పెద్దాయన.

"వరసేంటయ్యా? నీ తండ్రీ నా తండ్రీ ఒకటే!" అని లేచాడు మో పక్షం ఆయన.

"మా నాన్న జోలికి రాకు!"

దావో పక్షం ఆయన కునుకు తీస్తున్నాడు. ఆయన వాదమే అదని శిష్యుడు విన్నవించాడు.

"చేస్తే బహుమానం, చేయకపోతే కొరడా. ఇంతకు మించి నీతేముంది?" అన్నాడు ఫా పక్షం ఆయన.

మంత్రిగారు అందరినీ మెచ్చుకుని, భోజనానికి అవతలి ఒడ్డున ఉన్న తోటకు బయల్దేరారు. వంతెన మీద సగం దూరం ఎంతో హుందాగా నడిచారు. మిగతా సగం వేదికలో ఉంది.

పండితులు నలుగురూ ఒడ్డుకు పరుగెత్తారు.

"వారి పెద్దబ్బాయిని పిలిపించండి. ముందు చెయ్యందించాల్సింది కొడుకే!" అన్నాడు రూ ఆయన.

"నిన్న గాడిదలవాడు పడితే వాడే ఈదుకొచ్చాడు. ఈయనకేం ప్రత్యేకం?" అన్నాడు మో ఆయన.

దావో ఆయన కళ్ళు తెరిచి, "హాయిగా పోతున్నారు, పోనివ్వండి," అన్నాడు.

"రాతమూలకంగా ఆజ్ఞ ఏదీ?" అన్నాడు ఫా ఆయన.

"ఇచ్చేవాడు నీళ్ళలో ఉన్నాడు కదయ్యా!" అంటూ షాన్ పడవ తోసుకొచ్చి, మంత్రిగారి జుట్టుముడి పట్టుకుని పైకి లాగాడు.

మంత్రిగారు నీళ్ళు కక్కుతూనే విచారణ మొదలుపెట్టారు.

"నీది ఏ పక్షం?"

"పడవ నడుపుతాను దొరా."

"జాబితాలో లేదే!"

నాలుగు పక్షాలూ సమానంగా గెలిచినట్టు ఆ సాయంత్రమే ప్రకటించి, తలా ఒక ఇల్లు మంజూరు చేశారు. ఇళ్ళకు కావలసిన చెక్క కోసం వంతెనలో మిగిలిన సగాన్నీ తీయించారు. తనది కాని పనిలో వేలు పెట్టినందుకు షాన్‌ను ఈసారికి క్షమించారు.

నైవేద్యం రోజున దూ హాన్‌కు వేరే దారి లేకపోయింది. మేకతో సహా పడవెక్కాడు. నడి ఏటిలో అడిగేశాడు.

"షాన్ మామా, ఆ రోజు మేకనెందుకు వదిలేశావు?"

"మేకకు ఈత వచ్చురా. మీ నాన్నకు రాదు."

"మరి అది మళ్ళీ దొరకలేదుగా?"

"అవతలి ఒడ్డుకు క్షేమంగానే చేరింది. ఆ రోజు మంత్రుల తోటలో విందు."

ఒడ్డు రాగానే దూ హాన్ మేక తాడును పడవ కొయ్యకు కట్టి దిగాడు.

"ఒరేయ్, మరి నైవేద్యమో?"

"కొర్రన్నం ఉంది కదా మామా. నాన్న ఏమీ అనుకోడు."