ఇస్త్రీపెట్టె అడాప్టరు

ఆ ఆదివారం ఉదయం రోజమ్మ పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. పదకొండింటికల్లా బెంగాల్లోని సంత్రాగాఛిలో ఉన్న తమ ఇంటి నుంచి ఖిదిర్‌పూర్ తెలుగు చర్చికి చేరాలి, వార్షికోత్సవంలో ఒక పాట పాడాలి. ఆ పాట కోసం ఆవిడ పంతొమ్మిదేళ్ళుగా కాచుకుని ఉంది. ఏటా పాడే జగ్గమ్మకు ఈసారి గొంతు పట్టేసింది. అయినా తాను ముందు వరసలోనే కూర్చుంటాననీ, రోజమ్మ రాకపోతే దేవుడి పని ఆగకూడదు కనుక ఆ గొంతుతోనే పాడేస్తాననీ జగ్గమ్మ ముందే చెప్పి ఉంచింది.

వెళ్ళడానికి కొత్త కారుంది. కరెంటు కారు. కొడుకు ఎడ్విన్ రెండు రోజుల కిందటే తెచ్చాడు. వాళ్ళ రైల్వే క్వార్టరులో దానికి తగిన ప్లగ్ పాయింటు లేదు. సోమవారం ఎలక్ట్రీషియన్ వచ్చి వేరే లైను వేస్తాడు. "అందాకా దేనికీ గుచ్చకు నాన్నా" అని తండ్రికి మరీ మరీ చెప్పి, ఎడ్విన్ పాస్టరు గారిని తీసుకురావడానికి బైకు మీద వెళ్ళాడు. ప్రార్థన జరగని బండి ఎక్కడం ఆ ఇంట్లో లేదు.

ఎలీయాజరు ముప్పై నాలుగేళ్ళు రైలు పెట్టెల్లో లైట్లూ ఫ్యాన్లూ బాగుచేసి రిటైరైన మనిషి. ఆయనకు కరెంటు గురించి చెప్పడమంటే చేపపిల్లకు ఈత నేర్పడమే. కొడుకు అటు వెళ్ళగానే కారులో తొంగిచూశాడు. చార్జింగు ఇరవై నాలుగు శాతం.

"మా అయ్య బొగ్గింజను మీద ఫైర్‌మేనుగా సేసినోడు. తొట్టినిండా నీళ్ళు నేకుండా ఇంజను సెడ్డు దాటడం నానెప్పుడూ సూడనేదు."

"ఇది నీళ్ళు తాగదు గదండీ," అంది రోజమ్మ, ఉప్మాకు ఉల్లిపాయలు తరుగుతూ.

"నీకు తెల్దు, ఊరుకో!"

జేబులోంచి తెల్లటి అడాప్టరు తీశాడు. కారు వైరుకున్న లావుపాటి ప్లగ్గును గోడలోని చిన్న పాయింటుకు పట్టించే ముక్క అది. నిన్ననే బజారులో ఆశిష్ కొట్లో కొన్నాడు. బాబాయి వరసన "దేనికి కాకూ?" అని ఆశిష్ బెంగాలీలో అడిగితే, కారుకంటే ఎక్కడ తనకు పాఠం చెబుతాడోనని, "ఇస్త్రీపెట్టెకి" అన్నాడు.

ఇంటి పక్క సందులో నిలిపిన కారు నుంచి వైరు పక్క కిటికీలోంచి లోపలికి వచ్చింది. ప్లగ్గు దూరింది. పచ్చ లైటు వెలిగింది. "సూసినావా?" అన్నాడు ఎలీయాజరు. బైకు చప్పుడు వినగానే వైరు మీదికి పరదా లాగి, దానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

బయట ఎండ మండిపోతోంది. అందుకని కారు తాళాలు బైబిలు మీద పెట్టి, ముందు గదిలో ఫ్యాను కిందే ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. పాస్టరు బ్లెస్సన్ గారి ప్రార్థన పాసింజరు బండి వంటిది. ఆదాము దగ్గర బయల్దేరి అన్ని స్టేషన్లలోనూ ఆగుతుంది. గడియారం పదవుతోంది. రోజమ్మ మాత్రం ఒక కన్నే మూసింది. వంటింటి ఆడదానికి రెండో కన్ను మూసే వెసులుబాటు లేదు.

ప్రార్థన నోవహు ఓడ దగ్గరకు వచ్చేసరికి మాడు వాసన వేసింది. ఉప్మాది కాదు. పరదా వెనక నుంచి సన్నగా పొగ లేస్తోంది. ఎలీయాజరు ఒక కన్ను తెరిచి, వెనక్కి చూసి, మునుపటికన్నా గట్టిగా మూసుకున్నాడు. ప్రార్థన మధ్యలో లేవకూడదు. లేస్తే కొడుక్కి తెలిసిపోతుంది.

"ప్రభువా, ఈ ఇంటి మీద నీ అగ్నిని కుమ్మరించు!" అన్నారు పాస్టరు గారు.

"ఆమేన్!" అన్నాడు ఎడ్విన్.

ఎలీయాజరు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆమేన్ అనలేదు.

రోజమ్మ పిల్లిలా వరండాలోకి నడిచి మెయిన్ స్విచ్ దించేసింది. ఫ్యాను ఆగింది. నోవహు దగ్గరున్న ప్రార్థన, మధ్యలో మరెక్కడా ఆగకుండా, రెండు నిమిషాల్లో ఆమేన్ చేరుకుంది.

"లోడ్‌షెడ్డింగా?" అన్నారు పాస్టరు గారు చెమట తుడుచుకుంటూ.

ఎడ్విన్ ముక్కు ఎగబీల్చి పరదా తొలగించాడు. అడాప్టరు మైనంలా కరిగి గోడకు అతుక్కుపోయింది. ఎలీయాజరు చెయ్యి చాపాడు.

"ముట్టకండి! సల్లారనీండి," అని కసిరింది రోజమ్మ.

"ఏటి నాన్నా ఇది? ప్లగ్గు కాళ్ళు సన్నం సేసినంత మాత్రాన కారుకి ఆకలి తగ్గిపోద్దేటి? ఇస్త్రీపెట్టి అరగంట లాగి ఊరుకుంతాది. ఇది పూటంతా లాగుతాది!"

"నన్నంటావేటి? ఆ ఆశిష్ గాడే ఇచ్చినాడు."

ఎడ్విన్ ఫోను కలిపాడు. అవతల ఆశిష్ బెంగాలీలో మొత్తుకున్నది గదంతా వినిపించింది: "కాకూ ఇస్త్రీపెట్టెకన్నారు దాదా! కారుకని తెలిస్తే ఇచ్చేవాణ్ణే కాదు!"

ఎలీయాజరు బైబిలు అట్ట వంక భక్తిగా చూస్తూ ఉండిపోయాడు.

"పదీ పది అయిపోనాది," అంది రోజమ్మ, గడియారం వంక చూసి. "ఇంక జగ్గమ్మే పాడుకుంతాది."

"ఎందుకమ్మా? ఖిదిర్‌పూర్ ఎంత దూరమని? పది కిలోమీటర్లు. ఉన్న చార్జింగుతోనే మూడుసార్లు ఎల్లి రావొచ్చు," అన్నాడు ఎడ్విన్.

రోజమ్మ భర్త వైపు చూసింది. బైబిలు మీది తాళాలు తీసి కొడుకు చేతిలో పెట్టింది. తిట్టినదానికన్నా ఆ చూపుకే ఆయన ఎక్కువ బాధపడ్డాడు.

పదకొండుకు పది నిమిషాలుండగా చర్చి చేరారు. జగ్గమ్మ ముందు వరసలో అల్లం ముక్క చప్పరిస్తూ గొంతు సవరించుకుంటోంది. పాటకు ముందు సాక్ష్యాల సమయం, దేవుడు చేసిన మేళ్ళు ఎవరైనా లేచి చెప్పుకోవచ్చు. ఎలీయాజరు అందరికన్నా ముందు లేచాడు.

"ప్రార్థన జరుగుతుండగా సాతాను మా ఇంట్లో మంట పెట్టబోయినాడు. ప్రభువు తన దూతను పంపి మెయిన్ ఆపించినాడు!"

"హల్లెలూయ!" అని చర్చి మారుమోగింది. ఇస్త్రీపెట్టె సంగతి ఆయన ఎత్తలేదు.

చేతులకింకా ఉల్లిపాయ వాసన పోని ఆ దేవదూత లేచి, జగ్గమ్మ మోకాళ్ళు దాటుకుంటూ, మైకు దగ్గరకు వెళ్ళింది.