దొర తూటాలకు చలువ పందిరి

ఆ శుక్రవారం పొద్దున మనోహరం వేసుకున్న పథకం చాలా చిన్నది. బర్కా వెళ్ళాలి. బార్లో దొర కొత్తగా తెప్పించుకున్న యంత్రానికి తీగెలు కలపాలి. దొర నాలుగు గుండ్లు పేల్చి ముచ్చట తీర్చుకున్నాక, ఆయన మొహం కళకళలాడే సమయం చూసి క్వార్టరు సంగతి కదపాలి. ఇంతే. మనిషిని నట్టేట ముంచేవి ఇలాంటి సులువైన పథకాలేనని అతనికి ఇంకా తెలియదు.

క్వార్టరు సంగతి ముందు చెప్పుకోవాలి. మనోహరానిది నరసాపురం. మస్కట్‌లో ఒక కంపెనీలో ఎలక్ట్రీషియన్. భార్య కృపాబాయి మస్కట్‌లోనే ఆస్పత్రిలో నర్సు. అతను అల్ హైల్‌లో కంపెనీ మగాళ్ళతో కలిసి ఒక రూమ్‌లో, ఆవిడ నర్సుల హాస్టల్లో. పెళ్ళయి రెండేళ్ళయినా వాళ్ళ కాపురమంతా, అక్కడ సెలవు దినమైన శుక్రవారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద, పాస్టరుగారూ సంఘమూ చూస్తుండగా జరగవలసిందే. ఇప్పుడు అల్ ఖువైర్‌లో కంపెనీ ఫామిలీ క్వార్టరు ఒకటి ఖాళీ అయింది. దాని తాళంచెవి మేనేజరు బార్లో దొర చొక్కా జేబులో ఉంది. అకౌంట్స్ ఆఫీసరు కూడా ఆ జేబు మీదే కన్నేశాడని కంపెనీలో అందరికీ తెలుసు.

దొరకి తుపాకుల పిచ్చి. పేలిపోయిన తూటాల ఖాళీ గొట్టాలు ఏరుకొచ్చి, వాటిలో మళ్ళీ మందు కూరి, కొత్త గుండు బిగించి, తన తూటాలు తనే చేసుకుంటాడు. ఆవకాయ పెట్టే ముసలమ్మల్లాగే పాళ్ళ విషయంలో ఇంకొకరి చేతిని నమ్మడు. మందు ఎక్కువైతే తుపాకీయే పగలొచ్చు, తక్కువైతే గుండు గురికి చేరదు. పాళ్ళు కుదిరాయో లేదో తెలియాలంటే గుండు ఎంత వేగంగా పోతోందో కొలవాలి. వచ్చే వారమే తోటి ఇంగ్లీషు దొరలతో గురి పోటీ. అందుకని అమెరికా నుంచి క్రోనోగ్రాఫ్ అనే యంత్రాన్ని తెప్పించాడు.

చూడ్డానికి అది రేడియోలాంటి పెట్టె. దానికి తీగెలతో కలిపిన రెండు కళ్ళు. ఆ కళ్ళు రెండూ ఆకాశం కేసి చూస్తూ ఉంటాయి. గుండు మొదటి కంటి మీదుగా పోతుంటే పడే నీడకి లోపలి గడియారం కదులుతుంది, రెండో కంటి మీదుగా పోగానే ఆగుతుంది. సెకనుకి ఇన్ని అడుగులని పెట్టె మీద ఎర్రటి అంకెలు వెలుగుతాయి. దొర ఇదంతా ఇంగ్లీషులో వివరంగా చెప్పాడు. మనోహరం వాక్యానికొక "యస్ సార్" అన్నాడు గాని, బుర్రకెక్కింది చివరి మాట ఒక్కటే. "ఎండలో జాగ్రత్త. ఇది నా ప్రాణం" అన్నాడు దొర.

మస్కట్ దాటాక వచ్చే బర్కాలో హమూద్ అనే ముసలి రైతు తోట పక్కన, ఎత్తైన మట్టిగట్టు ముందు, దొర గురి చూసుకునే చోటు. కంపెనీ జీపులో డ్రైవరు బాబు మియా, మనోహరం, వార్డెన్ దగ్గర సెలవు సంపాదించుకుని వచ్చిన కృపాబాయి దిగారు. ఆవిడ చేతిలో కోడి పలావు క్యారియరు, భుజానికి డ్యూటీ బ్యాగు.

"ఏమండీ, అడగడం మర్చిపోరు కదా?"

"ఆ పని మీదే కదా వచ్చింది. నువ్వు మాత్రం మధ్యలో నోరెత్తకు. దొరకి మూడ్ రావాలి."

"రెండేళ్ళ నుంచీ ఎవరో ఒకరి మూడ్ కోసమే చూస్తున్నాం" అంది కృపాబాయి.

జూన్ నెల. పొద్దెక్కకముందే ఇసుక పెనంలా కాలుతోంది. మనోహరం బల్ల వేసి, దాని మీద పెట్టె పెట్టి, ముందు కాస్త దూరంలో రెండు కళ్ళూ నిలబెట్టి తీగెలు కలిపాడు. పెట్టె మీద చెయ్యి వేసి చురుక్కుమనగానే వెనక్కి లాక్కున్నాడు.

"బాబు మియా, పాపం దీని ప్రాణం పోతుందయ్యా."

"దొర ప్రాణం గూడా అదే అన్న్యాడు గదన్నా. పోతే మన ప్రాణం గూడా పోతాది" అన్నాడు బాబు మియా. ఆయనది కడప.

నరసాపురంలో ఏటా జరిగే సువార్త కూటాలకు పందిళ్ళు వేసిన చెయ్యి అది. ఊరికే ఉంటుందా? హమూద్ తోటలో కొట్టేసిన ఖర్జూరపు మట్టలు కుప్పగా పడి ఉన్నాయి. నాలుగు గుంజలు పాతి, అడ్డకర్రలు కట్టి, మట్టలు పరిచి, కూర్చునే బల్ల దగ్గర్నుంచి రెండో కన్ను దాటేదాకా చక్కటి చలువ పందిరి వేసేశారు. గాలి వీస్తే మట్టలు గలగలలాడాయి. కింద నీడలు నాట్యం చేశాయి. మనోహరానికి తన పనితనం చూసుకుంటే ముద్దొచ్చింది.

దొర తన కారులో తుపాకీతో వచ్చాడు. పందిట్లో అడుగుపెట్టి, టోపీ తీసి, హాయిగా ఊపిరి పీల్చాడు.

"అద్భుతం! మనోహరం, నువ్వు బంగారానివి!"

కృపాబాయి మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. మనోహరం గొంతు సవరించుకున్నాడు. ఈలోగా దొర తుపాకీ భుజానికెత్తాడు. తుపాకీ ఎత్తిన మనిషిని క్వార్టరు అడగడం మర్యాద కాదని మనోహరం ఊరుకున్నాడు.

ఢాం! పెట్టె మీద అంకెలు వెలిగాయి. అరవై ఒకటి.

"సెకనుకి అరవై అడుగులా? నేను చేత్తో విసిరినా ఇంతకంటే వేగంగా పోతుంది!" అన్నాడు దొర.

"యస్ సార్" అన్నాడు మనోహరం.

మళ్ళీ ఢాం. ఈసారి తొమ్మిది వేల చిల్లర. దొర మొహం పాలిపోయింది. ఆ వేగమే నిజమైతే ఈపాటికి తుపాకీ ముక్కలై ఉండాలి. దాన్ని నెమ్మదిగా కింద పెట్టి, అటూ ఇటూ తిప్పి, గొట్టంలోకి తొంగి చూసి, ఒళ్ళంతా తడుముకున్నాడు. అంతలో గాలి వీచింది. పెట్టె దానంతటదే మళ్ళీ వెలిగింది. రెండు వందల పన్నెండు.

బాబు మియా వెనక్కి గెంతాడు. "యా అల్లా! అన్నా, పేల్చకముందే స్పీడు వచ్చిండాది!"

మనోహరం తీగెలకేసి చూశాడు. తప్పు తన తీగెలదేననుకున్నాడు. దొర చెమట తుడుచుకుంటుండగా వంగి, ఈ కంటి తీగె ఆ కంటికీ ఆ కంటిది ఈ కంటికీ మార్చాడు. మూడోసారి పేలిస్తే పెట్టె అసలు మాట్లాడలేదు. కంగారుగా మళ్ళీ మొదట్లోలాగే కలిపేశాడు. ఈసారి ముప్ఫై నాలుగు అంది.

దొర తుపాకీ పక్కన పెట్టి చిన్న త్రాసు తీశాడు. చేసిన తూటాలను ఒక్కొక్కటే విప్పి, మందు మళ్ళీ తూచడం మొదలుపెట్టాడు. గాలికి త్రాసు ఊగింది. ఒక తూటాలో మందు ఎక్కువంది, అదే మందు మళ్ళీ తూస్తే తక్కువంది. దొర తలెత్తాడు.

"నా మందు డబ్బా ఎవరు ముట్టుకున్నారు?"

బాబు మియా చేతులు కట్టుకున్నాడు. "నేనే సార్. మీ కారులో ఎండకు మగ్గిపోతా ఉంటే తెచ్చి ఐసు పెట్టెలో, పెప్సీ సీసాల పక్కన పెట్టినాను. చల్లగా ఉంటాదని."

దొర ఇంగ్లీషులో ఏదో అన్నాడు. అది తెలుగులో రాయదగింది కాదు. తడి తగిలి మందు పాడైందని తేల్చుకుని, కారులో ఉన్న కొత్త డబ్బా తెచ్చి, అందులోంచి కొత్త తూటాలు కట్టి పేల్చాడు. పదిహేడు. అంతటితో దొర తుపాకీ వదిలేసి, చొక్కా గుండీలు విప్పుకుని, ఎర్రబడ్డ మొహంతో పందిట్లో అటూ ఇటూ పచార్లు చేయసాగాడు.

"మేక కూడా ఇంతకంటే వేగంగా పరిగెడుతుంది. త్రాసు అబద్ధమాడుతోంది. మందు అబద్ధమాడుతోంది. లేకపోతే నేనే పిచ్చివాణ్ణి."

కృపాబాయి చాలాసేపటినుంచీ ఆయన్నే గమనిస్తోంది. "ఏమండీ, మాట తడబడుతోంది, మొహం కందిపోయింది, తనలో తనే మాట్లాడుకుంటున్నాడు. వడదెబ్బ. ఇక మీ మూడ్ సంగతి వదిలెయ్యండి."

జీపులో వదిలిన బ్యాగులోంచి థర్మామీటరు తీసింది. అలవాటు ప్రకారం టపటపా విదిలించింది. చల్లటి వార్డులో అయితే అది చాలు. కాని ఆ గాలిలో పాదరసం దిగినంత వేగంగానూ మళ్ళీ ఎక్కుతుందని, ఎక్కింది నోట్లో పెట్టినా దిగదని ఆవిడకి తోచలేదు. "ఒక్క నిమిషం సార్" అంటూ దొర నోట్లో పెట్టి, తీసి చూసి, కెవ్వుమంది.

"నూట ఏడు!"

తర్వాత జరిగినదానికి ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. బాబు మియా దొర కాళ్ళు పట్టుకున్నాడు, మనోహరం చేతులు పట్టుకున్నాడు. కేకలు విని హమూద్ పరుగెత్తుకొచ్చాడు. బొంబాయి రేవులో బేరాలు చేసి నేర్చుకున్న హిందీలో "పానీ! పానీ!" అంటూ దారి చూపించాడు. నలుగురూ కలిసి దొరను మోసుకెళ్ళి తోట పంపు తొట్టిలో ముంచారు.

"నాకేమీ కాలేదు! వదలండి!" అని దొర గింజుకున్నాడు.

"వడదెబ్బ తగిలినవాళ్ళంతా అలాగే అంటారు సార్. బాబు మియా అన్నయ్యా, తల బాగా తడపండి."

ఆస్పత్రిలో చేర్చబోయే రోగి ఒంటిమీది వస్తువులు తీసి, ఎవరికప్పగించాలో అడగడం నర్సు పద్ధతి. కృపాబాయి పద్ధతి తప్పదు. దొర గడియారం తీసింది, ఉంగరం తీసింది, జేబులోంచి తాళంచెవి తీసింది. ఉంగరం, గడియారం మనోహరం చేతికిచ్చి తాళంచెవి పైకెత్తి పట్టుకుంది.

"సార్, ఈ క్వార్టరు తాళం ఎవరికివ్వమంటారు?"

"నువ్వే తీసుకో! నీ మొగుడికియ్యి! నా తల వదిలితే చాలు!" అని అరిచి దొర మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళాడు.

హమూద్ విన్నాడు. బాబు మియా విన్నాడు. మనోహరానికి మాత్రం నమ్మకం కలగక నీళ్ళలో చేతులు వదిలేసి నిలబడిపోయాడు.

దొరను తెచ్చి పడుకోబెట్టడానికి పరుపు కావాలి, విసరడానికి విసనకర్రలు కావాలి. బాబు మియా పందిరి మట్టలు పీకి కింద పరిచాడు. మనోహరం మిగిలినవి పీకి తలొకటి పంచాడు. అందరూ దొరకి రెండువైపులా చేరి విసరసాగారు. పందిరికి గుంజలూ అడ్డకర్రలూ మిగిలాయి.

దొర మట్టల మీద పడుకుని పెట్టెకేసి చూస్తున్నాడు. గాలి వీస్తోంది. అంకెలు మాత్రం కదలడంలేదు. చటుక్కున లేచాడు. నీళ్ళోడుతూ వెళ్ళి తుపాకీ అందుకుని, మొదట చేసిన తూటాల్లో మిగిలిన రెండూ పేల్చాడు. రెండు వేల ఏడు వందల పది. రెండు వేల ఏడు వందల నాలుగు. సరిగ్గా ఆయన లెక్కకట్టుకున్న వేగం. దొర తలెత్తి బోడి ఆకాశాన్ని చూశాడు. కింద మట్టలను చూశాడు. నీడలు, కళ్ళు, గాలి ఒకదానికొకటి కలిశాయి. ఇందాకటిదాకా పెట్టె కొలిచింది గుండ్లను కాదు, ఊగే మట్టల నీడలను.

"ఈ కొమ్మలు ఇక్కడ పెట్టింది ఎవరు?"

"యస్ సార్" అన్నాడు మనోహరం, ఏడుపు గొంతుతో.

దొర కృపాబాయి వైపు తిరిగాడు. థర్మామీటరు అడిగి తీసుకుని విదిలించి బాబు మియా నోట్లో పెట్టాడు. నూట ఏడు. హమూద్ నోట్లో పెట్టాడు. నూట ఏడు. జీపు బానెట్ మీద పెట్టబోతే కృపాబాయి "పగులుతుంది సార్" అని లాక్కుంది. దొర చెయ్యి అలాగే చాచి ఉంచాడు.

"నాకు జ్వరం లేదు. తేలిపోయింది కదా? ఇప్పుడు ఆ తాళం ఇలా ఇవ్వు."

మనోహరం తల వంచేసుకున్నాడు. రెండేళ్ళ కాపురం మళ్ళీ చర్చి మెట్లెక్కింది. కాని కృపాబాయి చెయ్యి చాచలేదు.

"ఇస్తాను సార్. జ్వరంలో ఏదేదో అన్న పేషంటు మాట చెల్లదు. అది మా రూలే. మీకు అప్పుడు జ్వరం ఉంటే తాళం మీదే. జీపులో ఎక్కండి, హాస్పిటల్లో చేర్చుకుని రెండు రోజులు చూస్తారు."

"జ్వరం లేదు! తొట్టిలో కూడా వందసార్లు చెప్పాను!"

"మరి తెలివిలో ఉండే ఇచ్చారన్నమాట. థాంక్యూ సార్."

దొర నోరు తెరిచాడు. జ్వరం ఉందంటే, వడదెబ్బకు మతి చలించి గుండ్లు పేల్చాడన్న మాట సాయంత్రానికల్లా తోటి దొరల చెవిన పడుతుంది. వచ్చే వారం పోటీలో ఆయన చేతికి తుపాకీ కాదుకదా, గొడుగు కూడా ఇవ్వరు. జ్వరం లేదంటే క్వార్టరు పోయినట్టే. దొర తుపాకీకేసి చూశాడు, హమూద్ కేసి చూశాడు. హమూద్ అప్పటికే జీపు తలుపు తెరిచి పట్టుకుని ఉన్నాడు.

దొర నోరు మూసుకున్నాడు.

"ఖలాస్" అని హమూద్ తలుపు మూసేశాడు. అక్కడ ఆ మాటంటే తగువు తీరిపోయినట్టే.

పలావు అందరూ తిన్నారు. దొర రెండుసార్లు వడ్డించుకున్నాడు. సాయంత్రం అల్ ఖువైర్‌లో కృపాబాయి తాళం తీసింది. లోపల మంచం లేదు, స్టవ్వు లేదు, గోడకొక మేకు మాత్రం ఉంది. ఆ మేకుకి బ్యాగు తగిలించి ఆవిడ కాసేపు ఏడ్చింది. మనోహరం కూడా కళ్ళు తుడుచుకుని, ఏం చెయ్యాలో తోచక వాకిట్లోకి వెళ్ళాడు. పడమటి ఎండ నేరుగా గుమ్మంలో పడుతోంది.

"కృపా, ఇక్కడ చిన్న చలువ పందిరి వేస్తే ఎలా ఉంటుందంటావ్?"

కృపాబాయి బ్యాగులోంచి థర్మామీటరు తీసి అతని నోట్లో పెట్టింది.