పాపకు స్టడీ సర్టిఫికెట్ లేదు

సోమవారం పొద్దున్న తలుపులు తీసేసరికి ‘పాప’ అనే మాట స్థానికత ధ్రువపత్రం కోసం తహసీల్దారు కార్యాలయం వరండాలో నిలబడి ఉంది. దాని ముందు ‘మేస్త్రీ’, వెనక ‘అలమరా’. మాట మీద నిలబడేవాళ్లు కరువైన కాలంలో మాటలే వచ్చి నిలబడటం ఆ ఆఫీసుకు కొత్తేం కాదు. మండలంలో తిరిగే ప్రతి మాటా తాను ఇక్కడిదేనని రుజువు చూపించుకోవాలని ఉత్తర్వులు వచ్చాయి. అప్పట్నించీ వరండాలో మంచినీళ్ల కుండ పక్కన ఇంకో కుండ పెట్టించారు. మాటలకు గొంతు తొందరగా ఎండిపోతుంది.

పత్రాల పని చూసేది డిప్యూటీ తహసీల్దారు కొప్పర్తి నాగభూషణం. రిటైర్మెంటుకు ఇంకా నాలుగైదేళ్లున్న మనిషి, కోపం లేనివాడు, రూలు దాటనివాడు. మేస్త్రీ, అలమరా పోర్చుగీసు ఓడల్లోంచి దిగినవాళ్లని చూడగానే తెలిసిపోతోంది. అయినా ఇద్దరూ బడి పాఠాల్లో నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా ఉన్నారు, హెడ్మాస్టరు సంతకంతో స్టడీ సర్టిఫికెట్లు తెచ్చుకున్నారు. ఠక్కున ముద్ర పడింది. ఇద్దరూ స్థానికులైపోయి టీ తాగడానికి వెళ్లారు.

తర్వాత పాప. పొట్టిగా, రెండంటే రెండే అక్షరాలు, ఒంటి నిండా పౌడరు వాసన, బుగ్గన దిష్టిచుక్క.

“స్టడీ సర్టిఫికెట్?” అన్నాడు నాగభూషణం.

“బడికెళ్లలేదండి. పిల్లలు బడికెళ్లే వరకే నాతో పని. హాజరు పట్టీలో పేరెక్కిన రోజున నన్ను గుమ్మంలోనే వదిలేసి వెళ్లిపోతారు.”

“పోనీ, ఎక్కడ పుట్టావమ్మా?”

“నోట్లోనండి.”

“ఎవరి నోట్లో?”

“ఎవరి నోట్లోనైనా. రెండు పెదాలూ కలిసి విడిపోతే చాలు, నేను పుట్టేస్తాను.”

నాగభూషణం ‘జన్మస్థలం అనిశ్చితం’ అని రాసుకున్నాడు. అనిశ్చితమైతే విచారణ జరపాలి. విచారణలో ఉన్న మాట బయట తిరగకూడదు. కాబట్టి పాపను వరండాలో బెంచీ మీద కూచోబెట్టారు. ఆ క్షణం నుంచీ మండలంలో ఎవరి నోట్లోనూ ఆ మాట పలకలేదు. ఇంకా పేరు పెట్టని పిల్లలున్న ఇళ్లలో తల్లులు నోళ్లు తెరిచి, గాలి వదిలి, మూసుకున్నారు.

ఇబ్బంది నాగభూషణం ఇంట్లోనూ వచ్చింది. వాళ్లక్కకు అరవై దాటాయి. ఆవిడకు ఆ మాట తప్ప వేరే పేరు లేదు. లంకలో ఉండగా ఆవిడ నామకరణం రోజున, పళ్లెంలో బియ్యం పోసి, పేరు రాద్దామని ఉంగరం తీసేసరికి గోదావరి గుమ్మంలోకొచ్చింది. బియ్యమూ పిల్లా ఎత్తుకుని గట్టెక్కారు. వరద తీశాక రాద్దామన్నారు. వరద తీసింది గానీ, పేరు అలాగే ఉండిపోయింది. తర్వాత తమ్ముణ్ణి ఎత్తుకోవాల్సి రావడంతో బడికీ వెళ్లలేదు.

సాయంత్రం ఆవిడ తలుపు తీస్తూనే అంది. “ఏరా భూషణం, దాన్ని బెంచీ మీద కూచోబెట్టేవంట?”

“రూలక్కా.”

“రూలు సరేలేరా. పొద్దున్న కూరలమ్మేవాడు నన్ను చప్పట్లు కొట్టి పిలిచాడు. కోడినో మేకనో అదిలించినట్టు. పాపం, వాడు మాత్రం ఏం చేస్తాడు, నోరు పెగల్లేదు.”

‘పాపం’ అన్నది వేరే ఫైలు గనక పలికింది.

గురువారం అభ్యంతరాలు విన్నారు. సంస్కృతం నుంచి అదే పేరుగల పెద్దమనిషి వచ్చాడు. తన పేరుకు దోషమని అర్థమనీ, ఈవిణ్ణి ముద్దు చేసి చేసి జనానికి తనంటే భయం పోయిందనీ ఫిర్యాదు. అతని వెనకే మలయా నుంచి కాళ్లకు చెప్పుల్లేనివాడొకడు వచ్చాడు. ఆ పెద్దమనిషి వంశమే. సముద్రం దాటాక తన అర్థం ‘పేదవాడు’ అయిందని చెప్పాడు. ఇక్కడ చేసింది అక్కడ అనుభవించడమంటే ఇదే కాబోలని అటెండరు గవర్రాజు కుర్చీ వేశాడు.

స్పానిష్ నుంచి అదే పేరుతో ఒక బంగాళాదుంప వచ్చింది. తన వాళ్లది దక్షిణ అమెరికా కొండలనీ, ఎవరితోనూ చుట్టరికం లేదనీ, బంధుత్వం అంటగడితే ఊరుకోననీ మట్టి దులుపుకుంటూ చెప్పింది. ఫ్రాన్సు నుంచి, అక్కడ అదే పేరుతో పిలిపించుకునే ఒక నాన్న టై కట్టుకుని వచ్చాడు. అభ్యంతరమేమీ లేదుట. బెంచీ మీదున్నదాన్ని చూసి కళ్లు తుడుచుకుని, కాసేపు ఎత్తుకోవచ్చా అని అడిగాడు. రూలు ఒప్పుకోలేదు.

చివర్లో తమిళం నుంచి ఒకావిడ, కన్నడం నుంచి ఒకావిడ పరుగున వచ్చారు. ముగ్గురికీ ఒకటే పోలిక. “మా చెల్లెలే సార్, ఒక్క ఇంటి పిల్లలం” అన్నారు. పక్క రాష్ట్రం బంధువుల సాక్ష్యం చెల్లదని నాగభూషణం మర్యాదగా చెప్పాడు.

“మండలంలోనే ఉన్నవాళ్లు ఒక్కరు చెబితే చాలండి,” అన్నాడు గవర్రాజు మెల్లిగా. “మా కోడలు నీళ్లోసుకునుంది. రేపు బిడ్డ పుడితే ఏవని ఎత్తుకుంటామండి? ఆయ్, మీరే చెప్పండి.”

అప్పుడే అక్క క్యారేజీ పట్టుకుని మెట్లెక్కింది. తమ్ముడి టేబులు మీద దాన్ని పెట్టి, బెంచీ దగ్గరకెళ్లి పాప బుగ్గ మీద చెదిరిన చుక్కను కొంగుతో సరిచేసింది.

“నేను సాక్షిని. రాసుకో. అరవయ్యేళ్లుగా నా దగ్గరే ఉంటోంది. అమ్మ పోయింది, నాన్న పోయాడు, నన్ను పిలిచినవాళ్లందరూ పోయారు. ఇది మాత్రం నన్ను వదల్లేదు. ఇంతకంటే స్థానికం ఎవర్రా?”

గవర్రాజు కలం తీశాడు. నాగభూషణానికి చాన్నాళ్ల తర్వాత రూలూ మనసూ ఒకే దారిన నడుస్తున్నట్టు అనిపించింది.

“సాక్షి పేరు?” అన్నాడు గవర్రాజు అలవాటుగా.

అక్క నోరు తెరిచింది. గాలి వచ్చింది. మళ్లీ తెరిచింది. గవర్రాజు కలం కాగితానికి ఆనించాడు, కలం కదల్లేదు. విచారణలో ఉన్న మాట పలకదు, రాయబడదు. పేరు లేని సాక్షి సాక్షి కాదు. మాటకు స్థానికత వస్తే గానీ సాక్షికి పేరు రాదు, సాక్షికి పేరుంటే గానీ మాటకు స్థానికత రాదు.

“వేరే పేరేదైనా చెప్పక్కా,” అన్నాడు నాగభూషణం. “ఏదో ఒకటి. ఇప్పుడే పెట్టుకో.”

“వరద తీశాక రాద్దామన్నారురా,” అంది అక్క. వెళ్లి బెంచీ మీద పాప పక్కన కూచుంది. బయటి నుంచి చూసేవాళ్లకు అక్కడ ఇద్దరు దరఖాస్తుదారులు కనిపించారు.

నాగభూషణం ఆ రోజు క్యారేజీ విప్పలేదు. రూలు పుస్తకం అటూ ఇటూ తిరగేసి, దయ చూపగలిగిన చోటల్లా చూపించి, ఉత్తర్వు రాశాడు. సదరు మాట స్థానికత నిరూపణ కాలేదు. మానవతా దృష్టితో తాత్కాలిక నివాసానికి అనుమతి. ఏటా జూన్‌లో మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి. వరండాలో అందరూ చప్పట్లు కొట్టారు. పాప లేచి ఆయనకు దణ్ణం పెట్టి, గేటు దాటి, ఎవరి నోట్లోకో పరుగెత్తింది.

అప్పట్నించీ అలాగే నడుస్తోంది. అనుమతి జూన్‌లో ముగుస్తుంది, కొత్తది వచ్చేసరికి వానలు వెనకబడతాయి. ఆ మధ్య కాలంలో మాట బెంచీ మీద ఉంటుంది, తల్లులు చప్పట్లు కొడతారు. మొదటి ఏడు పిల్లలు ఏడ్చారు. రెండో ఏడు తిరిగి చూశారు. ఇప్పుడు అనుమతి ఉన్న నెలల్లో మాటతో పిలిస్తేనే తెల్లమొహం వేస్తున్నారు. గవర్రాజు మనవరాలు చప్పట్లకు భలే నవ్వుతుందిట. పక్క మండలంలో దీన్ని మంచి పద్ధతిగా గుర్తించారు.

ఈ ఏడు అనుమతి వచ్చి వారమైంది. నాగభూషణం భోజనానికి కూచుని వంటింటి వైపు చూశాడు. “పాపక్కా” అందామని నోరు తెరిచాడు. పలుకుతుందని తెలుసు, సంతకం తనదే. నోరు మూసుకుని రెండుసార్లు చప్పట్లు కొట్టాడు.

“వస్తున్నాన్రా,” అంది అక్క.